ఈ మ్యాచ్ అయ్యాక వస్తానమ్మా

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

కార్తీక పున్నమి వెళ్ళిపోయింది. ఆ తెల్లవారుజామున మహేంద్రతనయ ఏటి ఒడ్డున మన ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు వదులుతుంటే, పక్కనే ఒడియా వాళ్ళు బొయిత బందాణ అని బుల్లి పడవలు వదిలారు. పిల్లలు మాత్రం రెండు గుంపుల్లోనూ ఉన్నారు. ఎవరి దీపం ముందు ఆరిపోతుందా అని పందేలు. మర్నాటితో ఒడియా లెక్కలో కార్తీకం అయిపోయింది. ఛాడఖాయి అని వీధివీధంతా మాంసం వండారు. మన లెక్కలో అమావాస్య దాకా కార్తీకమే. మన పిల్లలు గోడ ఇవతల కూర్చుని ఆ వాసన పీల్చుకోవడమే. ఈ ఒడిశా పర్లాకిమిడిలో తెలుగింట పుట్టినవాళ్ళకి ఏటా ఇదొక అదనపు పరీక్ష.

అసలు పరీక్షల సంగతికొస్తే, మార్కుల కాగితాలు పిల్లల చేతికే ఇచ్చాం, అడిగి తీసుకోండి. ఈ ఉత్తరం వాటి గురించి కాదు. ఈమధ్య నా గదికి వచ్చిన తల్లిదండ్రుల్లో మార్కుల మాటెత్తినవాళ్ళు తక్కువ. అందరిదీ ఒకటే మాట, ఫోనులో ఆట.

"ఆదివారం వస్తే చాలండీ, మా గుంటడు మంచం దిగడు. అన్నం పెట్టిన కంచం అలాగే చల్లారిపోద్ది. పిలిస్తే 'ఈ మ్యాచ్ అయ్యాక వస్తానమ్మా' అంటాడు. ఆ మ్యాచ్ ఎప్పటికీ అవదు. ఏటి చెయ్యమంటారు మేడమ్?" అని ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంకొకాయన కోపంతో ఫోను నేలకేసి కొట్టారట. అది ఆయన ఫోనే. వాయిదాలు ఇంకా నాలుగు నెలలు కట్టాలి.

నేనూ ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. టైం పెట్టండి, మైదానానికి పంపండి, అలాంటివి. చెబుతున్నంతసేపూ లోపల ఒక ముల్లు గుచ్చుకునేది. ఆ ఆట ఎలా ఉంటుందో నాకే తెలియదు కదా! మన ఊరి బళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే వాళ్ళకి వాచకాలు రాశారు. నేను ఆ ఆట మొహమైనా చూడకుండా సలహాలిచ్చేస్తున్నాను.

అందుకని ఒక ఆదివారం మా మనవడి పక్కన కూర్చుని ఆడాను. వాడికి పన్నెండేళ్ళు. నూరుమంది విమానంలోంచి ఒక దీవి మీదకి దూకి, తుపాకులు ఏరుకుని, ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటూ చివరికి మిగిలినవాళ్ళు గెలిచే ఆట. నలుగురు కలిసి ఒక జట్టు. పారాచూట్ తెరుచుకునేదాకా బాగానే ఉంది. దిగాక ఏ వేలితో నడవాలో, ఏ వేలితో చూడాలో తెలియక గోడకి మొహం ఆనించి నిలబడిపోయాను. "అమ్మమ్మా, పరిగెత్తు, జోన్ వచ్చేస్తోంది!" అని వీడు. జోన్ అంటే దగ్గరకి ముంచుకొచ్చే ఆట హద్దట. చెవిలో ఎవరో హిందీలో నవ్వుతున్నారు. కంగారులో ఏదో నొక్కితే చేతిలో ఉన్న బాంబు నా కాళ్ళ దగ్గరే పేలింది. రెండు నిమిషాలు కూడా ఉండలేదు నా యుద్ధం.

నేను పోయాక కూడా ఫోను వాడి చేతికివ్వలేదు. మిగిలిన ముగ్గురూ ఎలా ఆడుతున్నారో చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. పెద్ద మ్యాపులో ఒక మ్యాచ్ దాదాపు అరగంట పడుతుంది. మధ్యలో పాజ్ ఉండదు. మనం లేచిపోతే ఆట ఆగదు, జట్టులో మిగిలిన ముగ్గురూ ఇరుక్కుపోతారు. ర్యాంకు పాయింట్లు పోతాయి. మర్నాడు బళ్ళో "నువ్వు మధ్యలో వదిలేసి పోయావురా" అని మాట పడాలి. కబడ్డీలో కూతకెళ్ళినవాణ్ణి గీత అవతల ఉండగా "రా, అన్నం చల్లారిపోతోంది" అని పిలిస్తే ఎలా ఉంటుంది? మన ఇళ్ళల్లో జరుగుతున్న గొడవల్లో సగం ఇదేనని నాకనిపిస్తోంది. ఆడొద్దన్నందుకు కాదు, మధ్యలో లెమ్మన్నందుకు వాళ్ళు అరుస్తున్నారు.

మా తాతగారు గుర్తొచ్చారు. ఆయనకి గంజపా పిచ్చి. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. గుండ్రటి పేకముక్కలు, అరచేతిలో ఇమిడేటంత. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, బొమ్మ గీసి, లక్క పట్టిస్తారు. మా ఇంట్లోది ఎనిమిది రంగుల కట్ట. రంగుకి 12 చొప్పున 96 ముక్కలు. ప్రతి రంగులో ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా లెక్క ముక్కలు. మధ్యాహ్నం అరుగు మీద నలుగురు ముసలాళ్ళు చేరితే ఇక అంతే. మా నాయనమ్మ లోపల్నించి మూడుసార్లు పిలిచేది. "ఈ ఆట అవనియ్యవే" అని కసిరేవారు. నాలుగోసారి ఆవిడ పిలిచేది కాదు, అన్నం మీద మూత పెట్టి పడుకునేది. ఆయన్ని ఎవరూ జబ్బు మనిషి అనలేదు. అయితే ఆ ముక్కలు చీకటి పడగానే కనిపించేవి కావు. ఫోనుకి ఆ చీకటి లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

జబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను, చాలామంది టెన్షన్ పడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ అనేది ఉన్నమాట నిజమే. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ ఆదివారం నాలుగు గంటలు ఆడిన ప్రతి పిల్లాడికీ అది అంటగట్టకూడదు. ఆట మీద అదుపు పూర్తిగా తప్పడం, తిండి, నిద్ర, స్నేహితులు, చదువు అన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, మామూలుగా ఇదంతా ఏడాది పాటు సాగడం, అప్పుడు ఆ మాట అంటారు. మీ ఇంట్లో అంతవరకూ వచ్చిందనిపిస్తే, లేదా పిల్లవాడు బాగా ముడుచుకుపోయి అన్నం కూడా మానేస్తుంటే, 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బేమీ తీసుకోరు. నాకు చెప్పినా సరే, తలుపు వేసుకునే మాట్లాడుకుందాం.

ఇక డబ్బు. ఇక్కడ తప్పు నాదే కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. రెండు నెలల కిందట నా ఖాతాలోంచి 799 రూపాయలు మాయమయ్యాయి. బ్యాంకు మోసమేమోనని హడలిపోయాను. తీరా చూస్తే మనవడు ఆటలో బొమ్మకి చొక్కా కొన్నాడు. నా యూపీఐ పిన్ నేను పుట్టిన సంవత్సరం. వాడికది తెలుసు, మా ఇంటి పాలవాడికి కూడా తెలిసే ఉంటుంది. "ఆ చొక్కా వేసుకుంటే గురి బాగా కుదురుతుందా?" అని అడిగాను. "లేదమ్మమ్మా, అందరూ చూస్తారు" అన్నాడు. దీపావళికి కొన్న చొక్కా వేసుకుని వీధంతా తిరిగొచ్చిన పిల్లల్ని ఎరిగినదాన్ని, ఏమనను? తిట్టాను అనుకోండి, అది వేరే సంగతి. ఆ సాయంత్రమే పిన్ మార్చాను. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాను. మీరూ ఈ రాత్రే పెట్టుకోండి. అక్కడే ప్రతి ఆట పేరు కింద 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు రాసి ఉంటుంది. మనం బిస్కెట్ ప్యాకెట్ మీద తేదీ చూస్తాం గానీ దీన్ని చూడం. ఎవరైనా ఆటలో సరుకులు కొనే డైమండ్లు ఫ్రీగా ఇస్తామని లింకు పంపి డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

కొందరు నాన్నలకి చిన్న మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, రమ్మీతో సహా, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. పిల్లాడి గేమ్ గురించి ఫిర్యాదు చెయ్యడానికి వచ్చి, నా ఎదుటే ఫోన్లో ముక్కలు కలుపుకున్న ఆయన ఈ ఉత్తరం చదువుతారనే ఆశ.

వచ్చిన ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా ఆడపిల్లల గురించి లేదు. గమనించారా? ఎనిమిదో తరగతిలో అడిగాను, ఆదివారం మీరేం ఆడతారమ్మా అని. ఒక పిల్ల లేచి "అన్నయ్య పడుకున్నాక ఫోను దొరికితే లూడో మేడమ్" అంది. మిగతా వేళ అంట్లు, నీళ్ళు, తమ్ముణ్ణి ఆడించడం. ఫిర్యాదు లేనంత మాత్రాన సంతోషించాల్సిన విషయంగా నాకది కనిపించలేదు.

అదే క్లాసులో మగపిల్లల్నీ అడిగాను, ఫోను లేకపోతే ఆదివారం ఏం చేస్తారని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకడు "పడుకుంటాను" అన్నాడు. వెనక బెంచీలోంచి ఇంకొకడు "ఆడ్డానికి ఎవరున్నారు మేడమ్, అందరూ ఆన్‌లైన్లోనే ఉంటారు" అన్నాడు. ఇంకో పిల్లవాడు బెల్లు కొట్టాక నా వెనకే వచ్చాడు. వాళ్ళ నాన్న సూరత్‌లో మగ్గాల మీద పని. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఆయన ఆన్‌లైన్లోకి వస్తాడట. ఇద్దరూ ఒకే జట్టులో దిగుతారట. "మామూలుగా ఫోన్ చేస్తే బాగున్నావా, చదువుతున్నావా అని పెట్టేస్తాడండి. గేమ్‌లో అయితే అరగంట మాట్లాడతాడు. 'నా వెనక్కి రా, నేను కవర్ ఇస్తాను' అంటాడు" అన్నాడు. వాళ్ళమ్మగారు కిందటి వారమే నా దగ్గరికొచ్చి, రాత్రి పది దాటినా గేమ్ ఆడుతున్నాడని చెప్పి వెళ్ళారు. నేను గట్టిగా చెబుతానని మాటిచ్చాను కూడా. ఆ పిల్లాడికి ఏమీ చెప్పలేకపోయాను. అమ్మా, మీరీ ఉత్తరం చదువుతుంటే ఒకసారి రండి, మనిద్దరం మాట్లాడుకోవాలి.

నా మనవడితో నేను కుదుర్చుకున్న ఒప్పందం ఇదీ, పనికొస్తే వాడుకోండి. నిమిషాల లెక్క మానేసి మ్యాచ్‌ల లెక్క పెట్టాం. బడి ఉన్న రోజు ఏమీ లేదు. శనివారం రెండు, ఆదివారం మూడు. మ్యాచ్ మొదలుపెట్టే ముందు నాకు చెప్పాలి, మొదలయ్యాక నేను పిలవను. ఆఖరి మ్యాచ్ అయిపోగానే ఫోను దేవుడి గూట్లోకి వెళుతుంది. మొదటి ఆదివారం నాలుగోది ఆడబోయాడు, "లాబీలో ఉన్నాను, ఇది లెక్కలోకి రాదు" అని లాయరులా వాదించాడు. లాబీ అంటే మ్యాచ్ మొదలయ్యే ముందు ఎదురుచూసే చోటు. రెండో వారం మూడు దగ్గర ఆగాడు. ఇంతవరకూ అంతే, అద్భుతాలేమీ జరగలేదు. ఒక పేరున్న ఆటలో 18 ఏళ్ళలోపువాళ్ళకి రోజుకి 3 గంటలే అని ఆ ఆట నడిపేవాళ్ళే హద్దు పెట్టారు. కానీ నాన్న ఫోనులో నాన్న వయసు పెట్టి ఆడేవాడికి ఆ హద్దు ఏం వర్తిస్తుంది?

ఈ శని ఆదివారాల కార్యక్రమం చెప్పి ముగిస్తాను. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఎనిమిదో తరగతి గదికి రండి. ఆ రోజు పిల్లలే మాస్టార్లు, మీరు విద్యార్థులు. వాళ్ళాడే ఆట ఏమిటో, ఎలా గెలుస్తారో, తెలియనివాళ్ళు మైకులో మాట్లాడితే ఏం చేస్తారో వాళ్ళు చూపిస్తారు. మీరు కనీసం ఒక మ్యాచ్ ఆడాలి. నాకన్నా ముందు చచ్చిపోయినవాళ్ళకి టీ, బరా-ఘుగుని (గారెలు, బఠాణీ కూర) నేనే ఇప్పిస్తాను. ఆడపిల్లలకీ ఫోను అందేలా చూసే బాధ్యత క్లాస్ టీచరుది.

ఆదివారం ఏటి ఒడ్డు తోటలో వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకోవాలి కాబట్టి తోటవాళ్ళని అడిగి ఉంచాం. ఉదయం 8 గంటలకు బడి గేటు దగ్గర కలుద్దాం. పాతపట్నం వైపు నుంచి వచ్చే పిల్లల కోసం రెండు ఆటోలు మాట్లాడాం, మనిషికి 20 రూపాయలు. పులిహోర, చక్కెర పొంగలి బడి ఖర్చు. కూరలు ఇంటికొకటి మీరు తేవాలి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. పోయినేడాది పదకొండు ఇళ్ళ నుంచి వంకాయ కూరే వచ్చింది, దయచేసి ముందే ఒకరినొకరు కనుక్కోండి. కర్రాబిళ్ళ, ఏడుపెంకులాట ఉంటాయి. మా తాతగారి గంజపా కట్ట కూడా తెస్తున్నాను. 96లో రెండు ముక్కలు పోయాయి. వాటికి బదులు అట్టముక్కలు కత్తిరించి పెట్టాను. ఆడటం వచ్చిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే తీసుకురండి, నాకు నియమాలు సగమే గుర్తున్నాయి.

ఫోన్లు తేవద్దని పిల్లలకి చెప్పాను, ఒప్పుకున్నారు. "మరి పెద్దవాళ్ళో?" అని అడిగారు. వాళ్ళకి జవాబు చెప్పడం మీ పని.

కంచం, గ్లాసు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. అడుగున పేరు రాయడం మరచిపోకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని