సుగ్గి నుంచి అమ్మొచ్చినాక

ఒరేయ్ బావా,

ఎట్లుండావు? నీ మెసేజ్ చూసి నాలుగు దినాలైంది, రిప్లై ఇయ్యలేదని కోపం చేసుకోవద్దు, నువ్వడిగింది ఒక్క లైన్లో చెప్పేది కాదు. దేవుడుంటే మనోళ్ల కష్టం ఆయనకు కనపడదా అని అడిగి, కింద తప్పయితే క్షమించు అని కూడా రాసినావు. తప్పేముందిరా అందులో.

మొన్న శుక్రవారం అమ్మావాళ్లు గుంటూరు సైడు సుగ్గి నుంచి, అదే మిరప కోతల వలస కూలి నుంచి, కోసిగికి వచ్చేసినారు. మూణ్ణెల్లుగా తాళాలేసిన ఇండ్లన్నీ ఒకే పొద్దు తెరిచినారు, వీధికి మళ్లీ ప్రాణమొచ్చింది. కానీ అమ్మ వేళ్లు చూస్తే నీకు ఏడుపొస్తాది, మిరపకాయలు కోసి కోసి గోళ్ల పక్కన తోలు లేచిపోయి రాత్రంతా మంట, మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటాది. సంగటి ముద్ద పట్టుకోలేక స్పూన్ అడిగింది. అమ్మ స్పూన్‌తో తినేది నేను ఇంతవరకు చూళ్లేదు. దానికితోడు కూలోళ్లను తీసుకుపోయిన మేస్త్రి చివరి రెండు వారాల కూలి ఆపేసినాడంట, ఇదిగో అదిగో అంటాండాడు. లెక్క చీటీ మాత్రం కొంగుకు ముడేసుకునే ఉండాది.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్ తీసినా. నిర్గమకాండం రెండో అధ్యాయం సండేస్కూల్ నుంచి వింటాండేదే, కానీ ఈసారి "వెట్టి పనులు" అనే మాట దగ్గర ఆగిపోయినా. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలైన ఇశ్రాయేలీయులు ఆ పనులు చేస్తా నిట్టూర్పులు విడిచినారు, మొరపెట్టినారు, ఆ మొర దేవుని దగ్గరికి చేరింది అని ఉంటాది. బాగా చూడు, దేవా అని పిలిచినారని ఆ వచనంలో లేదు. ఐగుప్తులో 430 ఏండ్లున్నోళ్లు, ఆయన పేరు అడిగితే ఏం చెప్పాల అని, వాళ్లను విడిపించను దేవుడు పిలిచిన మోషేనే అడుగుతాడు గదా. నడుం పట్టుకుని వదిలిన ఊపిరి కూడా ఆయనకు మొరగానే వినపడింది. మూడో అధ్యాయంలో "వారి దుఃఖములు నాకు తెలిసే యున్నవి" అంటాడు. నేను ఆ లైను దగ్గర చాలాసేపు కూర్చుండిపోయినా.

అయితే మోషే ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి పోయి అడిగినాక కష్టం ఇంకా ఎక్కువైంది, అది కూడా దాచకుండా రాసినారు. ఫరో ఇటుకల మట్టిలో కలిపే గడ్డి ఇయ్యకుండా ఆపేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. అప్పుడు మోషే దేవునితోనే గట్టిగా అంటాడు, నువ్వు నీ జనాన్ని విడిపించనే లేదు అని. దేవుడు ఆయన్ని తిట్టలేదు బావా. నిన్నూ తిట్టడు.

ఇంక ఆదికాండంలో హాగరు. ఐగుప్తు ఆడమనిషి, అబ్రాము, అదే అబ్రాహాము, ఇంట్లో దాసి, ఆమెను ఏడిపించింది మనం విశ్వాసుల తండ్రి అని చెప్పుకునే ఆయన ఇల్లే. అబ్రాము పెండ్లాం శారయి గానీ అబ్రాము గానీ ఆమెను పేరుపెట్టి పిలిచేది యాడా కనపడదు, నా దాసి, నీ దాసి, అంతే. ఆ బాధ పడలేక పారిపోతే, ఎడారిలో నీళ్ల ఊట దగ్గర దేవుని దూత వచ్చి హాగరూ అంటాడు, యాడ నుంచి వచ్చినావు, యాడికి పోతాండావు అని అడుగుతాడు. మళ్లా ఆ ఇంటికే పొమ్మన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు, అబద్ధం ఎందుకు చెప్పాల. కానీ ఆమె దేవునికి చూచుచున్న దేవుడు అని పేరు పెట్టి లేచింది. కొడుకుకు ఇష్మాయేలు, అంటే దేవుడు వింటాడు అని.

పొద్దున్నే అమ్మకు రెండు వచనాలు చదివి వినిపించినా. ఒకటి ద్వితీయోపదేశకాండం 24, కూలోడు బీదోడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు, పొద్దు మునగకముందే వాని కూలి ఇచ్చేయాల, మనోడైనా పరదేశైనా సరే అని. రెండోది యాకోబు పత్రిక 5, చేలు కోసినోళ్లకు ఇయ్యకుండా "బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని. కూలోడే కాదురా, ఆపేసిన కూలి కూడా అరుస్తాదంట. అమ్మ ఏమీ మాట్లాడకుండా కొంగు ముడి విప్పి, చెమటకు మెత్తబడిన ఆ చీటీ నా చేతిలో పెట్టి "ఇది కూడానా?" అనింది.

సోమవారం ఆ చీటీ తీసుకుని మేస్త్రి ఇంటికి పోదామనుకుంటాండాం, నేనూ అమ్మా, ఇంకో ఐదారు మంది ఆడోళ్లూ. క్వింటాల లెక్కలు నాకంటే నీకు బాగా తెలుస్తాయి. ఒక్కరోజు లీవు పెట్టి ఆదోని నుంచి పొద్దున ట్రైనుకు వస్తావా?

నీ బావ