కొండెక్కే జీపుకు కావాల్సింది నీళ్ల టిన్ను

సంపాదకుల వారికి నమస్కారం.

ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక మారేడుమిల్లి దారిలో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. చలికాలం శని, ఆదివారాల్లో గుడిస కొండ మీద సూర్యోదయం చూడాలని వెళ్లే జీపులు తెల్లవారుజామున మూడింటి నుంచే మా షెడ్డు ముందు బారులు తీరతాయి. ఒకప్పుడు అన్నీ ఇక్కడి బాడుగ జీపులే. ఇప్పుడు సిటీ నుంచి సొంత ఫోర్ బై ఫోర్లు, అంటే నాలుగు చక్రాలూ లాగే బళ్లు, వేసుకుని వస్తున్నారు. ఆ బళ్ల మీద కట్టే సామాను గురించే ఈ ఉత్తరం.

మొన్న కార్తీకంలో ఒక బండి టైరు గాలికోసం ఆగింది. పైన క్యారియర్ మీద ప్లాస్టిక్ డబ్బా ఒకటి అడ్డంగా పడుకోబెట్టి తాడుతో కట్టారు. మూత దగ్గర పెట్రోల్ కారి వెనక అద్దం మీద చారలు కట్టింది. లోపల ఇంకా ఘోరం. కూల్‌డ్రింక్ బాటిల్లో పోసిన రెండు లీటర్ల పెట్రోల్ వెనక సీటు కింద, ఏడెనిమిదేళ్ల పిల్లాడి కాళ్ల దగ్గర ఉంది. పక్కనే తాగే నీళ్ల బాటిల్. చీకట్లో రెండూ ఒకలాగే ఉన్నాయి.

"ట్యాంకులో ఎంతుంది బాబూ?" అని అడిగాను.

"ఫుల్ అండీ."

"మరి ఈ డబ్బా ఎందుకు?"

"సేఫ్టీకండీ."

నీళ్లెన్ని అని అడిగితే ఐదుగురికి లీటరు సీసాలు నాలుగు చూపించాడు.

లెక్క చూడండి. రాజమహేంద్రవరం నుంచి గుడిస పోయి రావడానికి అంతా కలిపి సుమారు 250 కిలోమీటర్లు. ఇలాంటి బళ్ల ట్యాంకు 40 నుంచి 60 లీటర్ల దాకా పడుతుంది. ఘాట్‌లో ఫస్టు, సెకండు గేర్ల మీద, నెమ్మదిగా బలంగా లాగే లో రేంజిలో లాగితే మైలేజీ సగానికి పడిపోతుంది, నిజమే. అలా పడిపోయినా చిన్న ట్యాంకుతో కూడా ఇంటికి చేరొచ్చు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో తాండి బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కిలోమీటర్లు' అని బోర్డు చాలాకాలం ఉండేది. అక్కడ డబ్బా కట్టుకుంటే అర్థముంది. మన మన్యంలో అది ఫొటోకు తప్ప పనికిరాదు. మీ పత్రికలో పర్యాటక పేజీలో వేసే ఫొటోల్లో కూడా బండి పైన ఎర్ర డబ్బా లేకుండా ఒక్కటీ కనబడదు, ఏమీ అనుకోకండి.

అంత తప్పదనుకుంటే పద్ధతి ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల వరకు పెట్రోల్‌ను లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే పెద్ద డబ్బా లోహంతో చేసినదై ఉండాలి, అదీ 25 లీటర్లు మించకూడదు. గాజు సీసా అయితే లీటరు వరకే. ఈ సంగతి చెప్పే సెక్షన్‌లో ప్లాస్టిక్ మాటే లేదు. మిలిటరీ వాళ్ల దగ్గర కనబడే మూడు పిడుల ఇనప డబ్బా చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్లు తయారు చేసుకున్నది. లిబియా ఎడారిలో తమ పల్చటి రేకు డబ్బాలు కారిపోతుంటే బ్రిటిష్ సైన్యం శత్రువుల దగ్గర దొరికిన ఈ డబ్బాలనే వాడుకుంది. జర్మన్లను 'జెర్రీ' అని వెక్కిరించేవారు కాబట్టి దానికి జెర్రీ క్యాన్ అని పేరొచ్చింది. నాకు తెలిసి అంతకంటే మంచి డబ్బా ఇంకా రాలేదు.

పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. కిటికీలు మూసిన బండిలో కిందికి దిగి పిల్లల కాళ్ల దగ్గరే పేరుకుంటుంది. డబ్బాను బండిలో ఉంచి పైపు పెట్టి నింపితే స్టాటిక్ కరెంటుతో నిప్పు రవ్వ లేచే ప్రమాదం ఉంది. నేల మీద దించి, నాజిల్ డబ్బాకు ఆనించి, పైన కాస్త ఖాళీ వదిలి పట్టించాలి. 20 లీటర్ల పెట్రోల్ పదిహేను కిలోలు. దాన్ని నెత్తిన పెట్టుకున్న బండి ఏటవాలు మీద ఎటు ఒరుగుతుందో డ్రైవింగ్ వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎవరైనా పొరపాటున పెట్రోల్ మింగితే వాంతి మాత్రం చేయించకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక నీళ్ల సంగతి. నాకు అసలు బాధ దాని గురించే.

కొత్తగా నేర్చినవాళ్లు ఏటవాలు మీద క్లచ్ సగం నొక్కి పట్టి, ఇంజన్ రేజ్ చేస్తూ ఎక్కిస్తారు. సగం దూరంలో రేడియేటర్ ఆవిరి కక్కుతుంది. కంగారులో వేడి మీదే మూత తిప్పి చెయ్యి కాల్చుకున్న కుర్రాడికి నేనే కట్టు కట్టాను. అరగంట ఆగి, చల్లారాక మూత తీసి నీళ్లు పోస్తే చాలు. ఆ నీళ్లు వీళ్ల దగ్గర ఉండవు. పక్క ఊళ్లోకి పోయి అడుగుతారు. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్ల ఇళ్లల్లో లేదనే మాట రాదు. ఆడవాళ్లు ఊట దగ్గర క్యూ కట్టి, గంట నడిచి తెచ్చుకున్న బిందె ఎత్తి ఇచ్చేస్తారు. ఫిబ్రవరి నుంచి ఊట సన్నబడుతుంది. ఒక ఆదివారం పది బళ్లు ఆగితే పది బిందెలు. అది చాలదన్నట్టు దిగేటప్పుడు బురద బండిని వాగులో దించి కడిగేవాళ్లు కొందరు. ఆ వాగు కిందనే ఊరు, చూసుకోరు.

అధికారులకు నా మనవి పెద్దదేమీ కాదు. కొండెక్కే ముందు బండి ఆపినప్పుడు మందు సీసాల కోసం వెతికినట్టే నీళ్ల కోసం కూడా చూడండి. బండికి 20 లీటర్ల టిన్ను ఒకటి, అదీ లోపల సీటు వెనక కింద, బెల్టుతో కట్టి. లేనివాళ్లు నింపుకోవడానికి కింద ఒక కుళాయి. బాటిళ్లలో, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోల్ కనబడితే అక్కడే దింపించి, టోకెన్ ఇచ్చి, తిరిగొచ్చాక అప్పజెప్పండి. గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ, అటవీ శాఖ కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే సీజన్‌కే చేయొచ్చు.

ఆ రోజు ఆ కుర్రాళ్ల డబ్బా, బాటిల్ రెండూ మా షెడ్డులో దింపించి, నా దగ్గరున్న నీళ్ల టిన్ను ఇచ్చి పంపాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి టిన్ను ఖాళీ. ట్యాంకులో ముల్లు సగం పైనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెకానిక్,
రంపచోడవరం