మీ బండి పెట్రోలు మ్యాప్‌లో కింది భాగం తప్పుగా చేశాను, తెచ్చి సరిచేయించుకోండి

గత ఏడాది జూన్ నుంచి ఈ ఏడాది మార్చి వరకు గాజువాక ఆటోనగర్‌లోని మన షెడ్డులో డైనో మీద, అంటే బండి పవర్ కొలిచే రోలర్ యంత్రం మీద, ఫ్యూయల్ ఇంజెక్షన్ ట్యూనింగ్ చేయించుకున్నవాళ్లు ఇది చివరిదాకా చదవండి. ఆ పది నెలల్లో 43 బండ్లు చేశాను. వాటిలో చాలావాటికి యాక్సిలరేటర్ కొంచెమే తిప్పి నడిపేటప్పుడు అవసరానికి మించి పెట్రోలు వెళుతోంది. తప్పు మీ బండిది కాదు, మీరు కొట్టించే బంకుదీ కాదు. నేను కొలిచిన పద్ధతిలో ఉంది. సరిచేయడానికి రూపాయి తీసుకోను.

ఇది ఎలా బయటపడిందో చెబుతాను. పెందుర్తి నుంచి ఒక తమ్ముడు 390 సీసీ బండి తెచ్చాడు. ట్యూనింగ్ అయ్యాక సంతోషంగా వెళ్లాడు. నెల తర్వాత మళ్లీ వచ్చి, "భీమిలి రోడ్డులో బాగానే పోతోంది అన్నా. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మూడో గేరులో గుక్క తిప్పుకోలేకపోతోంది. మైలేజీ కూడా 27 వచ్చేది, ఇప్పుడు 23 దాటట్లేదు" అన్నాడు. నేను చైను చూశాను, క్లచ్ చూశాను, ఎయిర్ ఫిల్టర్ చూశాను. డైనో గ్రాఫ్ తీసి చూపించి "ఇక్కడ అంతా సరిగ్గానే ఉంది కదా తమ్ముడూ" అని పంపేశాను. రెండోసారి వచ్చినప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పి కాగితంలో చుట్టి తెచ్చాడు. కొన మీద బొగ్గు పొడిలాంటి మసి. ఆ ప్లగ్ చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొదటిసారే అతని మాట వినాల్సింది. బండి నడిపేవాడు చెప్పినదాన్ని కాగితం చూపించి కొట్టిపారేశాను. అందుకు అతనికి ఎదురుగానే క్షమాపణ చెప్పాను, మీకూ చెబుతున్నాను.

డైనో మీద అసలు ఏం చేస్తామో ఒకసారి చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. బండి ముందు చక్రాన్ని బిగించి, వెనక చక్రాన్ని రోలర్ మీద పెట్టి, బెల్టులతో కిందికి కట్టేస్తాం. మన రోలర్‌కు కరెంటు బ్రేక్ ఉంది. దాంతో ఇంజన్‌ను 3,000 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి, త్రాటిల్, అంటే యాక్సిలరేటర్, 5 శాతం, 10 శాతం, 20 శాతం అంటూ ఒక్కొక్క చోట ఆగి చూడొచ్చు. బండి కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఒక పట్టిక ఉంటుంది. మ్యాప్ అంటే అదే. ఒక వైపు ఆర్‌పీఎం, ఇంకో వైపు త్రాటిల్. ఒక్కో గడిలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉండాలో రాసి ఉంటుంది. ట్యూనింగ్ అంటే ఆ గడులను ఒక్కొక్కటిగా సరిచేయడమే. ఫుల్ త్రాటిల్ రన్, ఆ శబ్దం, ఆ గ్రాఫ్ అందరూ ఫోన్లో వీడియో తీసుకుంటారు. అది పట్టుమని పదిహేను సెకన్ల పని. మిగిలిన మూడు గంటలూ ఈ గడులతోనే.

ఏ గడిలో పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో పొగలో మిగిలిన ఆక్సిజన్ చెబుతుంది. దాన్ని చూసేది వైడ్‌బ్యాండ్ సెన్సార్. అది లాంబ్డా అనే అంకె ఇస్తుంది. 1 అంటే గాలికి సరిపడా పెట్రోలు. 1 కంటే తగ్గితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ; పెరిగితే లీన్, అంటే పెట్రోలు తక్కువ. ఫుల్ త్రాటిల్‌లో మంచి పవర్ కోసం 0.86 నుంచి 0.90 మధ్య ఉంచుతాం. రోడ్డు మీద నిదానంగా పోయేటప్పుడు 1 దగ్గర ఉంటే మైలేజీ బాగుంటుంది.

ఆ సెన్సార్‌ను నేను పెట్టిన చోటే అసలు తప్పు. చాలా చిన్న బండ్లలో కంపెనీ ఆక్సిజన్ సెన్సార్ రంధ్రంలో మన వైడ్‌బ్యాండ్ పట్టదు, వైడ్‌బ్యాండ్ మర 18 మిల్లీమీటర్లు. పట్టించాలంటే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే బెండ్ పైపుకు, సెన్సార్ బిగించే బుష్ వెల్డింగ్ చేయాలి. కొత్త బండికి వెల్డింగ్ అంటే ఎవరికైనా బాధే. అందుకని సైలెన్సర్ చివర్లోంచి ఒక గొట్టం లోపలికి దూర్చి, పొగను దాని ద్వారా సెన్సార్‌కు లాగేవాణ్ణి. ఫుల్ త్రాటిల్‌లో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. పొగ అంత జోరుగా బయటికి తన్నుతుంటే బయటి గాలికి లోపలికి వచ్చే సందే ఉండదు. కానీ ఇంజన్ పొగను ధారగా వదలదు, దెబ్బ దెబ్బగా వదులుతుంది. సింగిల్ సిలిండర్‌లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సైలెన్సర్ చివర్లో పీడనం తగ్గి, బయటి గాలి లోపలికి వెనక్కి వస్తుంది. పొట్టి సైలెన్సర్ అయితే మరీ ఎక్కువ. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సార్ "లీన్" అంటుంది. నేనేమో నమ్మి పెట్రోలు పెంచుతూ పోయాను.

ప్లగ్ చూసిన మర్నాడే నా సొంత బండి బెండ్ పైపుకు బుష్ వేయించాను. రెండు సెన్సార్లు, ఒకటి బెండ్ పైపులో, ఒకటి సైలెన్సర్ చివర, ఒకేసారి పెట్టి నడిపాను. 7,000 ఆర్‌పీఎం ఫుల్ త్రాటిల్‌లో ఒకటి 0.87, ఇంకొకటి 0.88. తేడా లేనట్టే. 3,000 దగ్గర 10 శాతం త్రాటిల్‌లో మాత్రం చివరన ఉన్నది 0.95 అంటుంటే బెండ్ పైపులోది 0.84 చూపించింది. నేను అనుకున్నదానికంటే 13 శాతం ఎక్కువ పెట్రోలు వెళుతోందని అర్థం. పెందుర్తి తమ్ముడి బండికీ ఇదే లెక్క వచ్చింది. ఘాట్‌లో అతను నడిపింది ఆ గడుల్లోనే. మలుపు మలుపుకూ వేగం తగ్గించి, 3,000 నుంచి 4,500 మధ్య సగం లోపు త్రాటిల్‌తో ఎక్కడం. పైగా అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, గాలి మన దగ్గరకంటే పది శాతం దాకా పలచన. అక్కడ ఇంజన్‌కు అసలే శక్తి తక్కువ, ఆపైన పెట్రోలు ముంచేస్తున్నాం.

కంపెనీ ఈసీయూ ఈ తప్పును తనంతట తానే సరిచేసి ఉండేది. నిదానంగా పోయేటప్పుడు అది తన ఆక్సిజన్ సెన్సార్ మాట విని, రిచ్ అయితే తగ్గిస్తుంది, లీన్ అయితే పెంచుతుంది. నేను పిగ్గీబ్యాక్ బాక్సు, అంటే ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్య తగిలించి పెట్రోలు మార్చే డబ్బా, పెట్టిన బండ్లలో ఆ సెన్సార్ వైరు కప్లర్ తీసేసి, దొంగ సిగ్నల్ ఇచ్చే ప్లగ్ పెట్టాను. అది తీయకపోతే మనం పెంచిన పెట్రోలును ఈసీయూ తగ్గించేస్తుందని అందరూ చెప్పేవాళ్లు, నేనూ అదే చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఈసీయూ తగ్గించాలనుకోవడమే సరైనది. కాపలా ఉన్నవాణ్ణి పంపేసి తలుపు తప్పుగా వేశాను. ఇక మీదట ఏ బండికీ ఆ సెన్సార్ తీయను. అది పనిచేసే గడులు దానికే వదిలేసి, దాని పరిధి దాటిన గడులనే ముట్టుకుంటాను.

పెట్రోలు గురించి ఒక మాట. ఇది పాత కస్టమర్లకు, 2022, 2023లో చేయించుకున్నవాళ్లకు కూడా. అప్పుడు ఎక్కువగా 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం మొదలుపెట్టి, 2025కల్లా దాదాపు అంతటా అదే చేశారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అంతే గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి. బరువు లెక్కన ఇథనాల్ కలపని పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులు, 10 శాతానికి సుమారు 14.1, 20 శాతానికి సుమారు 13.5. అంటే పాత మ్యాప్‌కు ఇప్పుడు 4 శాతం దాకా పెట్రోలు తక్కువ పడుతోంది. కంపెనీ సెన్సార్ ఉన్న బండి కొంత సర్దుకుంటుంది. నేను తీసేసిన బండి సర్దుకోలేదు. పైన ఫుల్ త్రాటిల్‌లో లీన్ అయి వేడెక్కుతుంది. అందుకే మీరూ రండి. కాగితం మీద ఇకనుంచి 13.2 లాంటి గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెలు కాకుండా లాంబ్డా వేసి ఇస్తాను. సెన్సార్‌కు తెలిసేది అదే. ఏ పెట్రోలు అయినా దాని అర్థం మారదు.

హార్స్‌పవర్ అంకెల్లో కూడా చిన్న తప్పు ఉంది. మన ఊరి గాలి సంగతి మీకు తెలుసు. 34 డిగ్రీల ఎండలో, 75 శాతం తేమలో, మనం పీల్చే గాలిలో నూటికి నాలుగు పాళ్లు నీటి ఆవిరే. ఇంజన్‌కు అది పనికిరాదు. అందుకే డైనో సాఫ్ట్‌వేర్ ఆ రోజు వేడి, తేమ, పీడనం కొలిచి, 25 డిగ్రీలు, 99 కిలోపాస్కళ్ల పొడి గాలి లెక్కకు మార్చి చూపిస్తుంది. ఆ కొలిచే డబ్బాను నేను వెనక గోడకు పైన కొట్టాను. రెండు గంటలు ఇంజన్ నడిచాక ఆ మూల 43 డిగ్రీలైతే, ముందు ఫ్యాన్ దగ్గర బండి పీల్చే గాలి 34 డిగ్రీలే. దాంతో చివరి రన్‌లో 2 శాతం దాకా ఎక్కువ చూపించింది. 40 హార్స్‌పవర్ బండికి అది 0.8. మీకు "2.5 పెరిగింది" అని రాసిచ్చి ఉంటే అందులో నిజంగా పెరిగింది 1.7 ఉంటుంది. అసలు రీడింగులు కంప్యూటర్‌లో ఉన్నాయి, అన్నీ మళ్లీ లెక్క కడుతున్నాను. డబ్బా ఇప్పుడు ఫ్యాన్ పక్కన ఉంది.

సైలెన్సర్ మార్చకుండా, ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉన్న 350 సీసీ బండికి పవర్ కోసం ట్యూనింగ్ చేయమని ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. వద్దు. ఆ బండికి కంపెనీ సుమారు 20 హార్స్‌పవర్ చెబుతుంది, అది ఇంజన్ దగ్గర కొలిచినది. గేర్‌బాక్స్, చైన్, టైరు తిన్నాక రోలర్ మీద అంతకంటే తక్కువే వస్తుంది. దాన్ని చూసి బండి పాడైందని టెన్షన్ పడకండి. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని అడిగేవాళ్లకు కూడా ఇకనుంచి లేదనే చెబుతాను. శబ్దం, పొగ పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అది కాక, మన రోడ్డు పక్కన పిల్లలే ఆ పొగ పీలుస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ప్లగ్ నల్లగా మసి పట్టి ఉంటే, ఆయిల్ గేజ్ తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తే ముందు రండి. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగి కిందికి దిగుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి. అలాంటి బండికి ఆయిల్ కూడా నా ఖర్చుతోనే మారుస్తాను. వెంటనే రాలేనివాళ్లు, శ్రీకాకుళం, కాకినాడ వైపు ఉన్నవాళ్లు, పిగ్గీబ్యాక్ బాక్సు కప్లర్లు తీసి కంపెనీ కప్లర్లు కలిపి, ఆక్సిజన్ సెన్సార్ తిరిగి పెట్టించుకోండి. మీ ఊరి మెకానిక్‌కు ఫోన్లో దగ్గరుండి చెబుతాను. ఈసీయూలోనే మ్యాప్ మార్చిన బండ్లకు కంపెనీ ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది, కానీ అది ఎక్కించాలంటే బండి రావాల్సిందే.

మంగళ, బుధ, గురువారాలు ఉదయం ఏడు నుంచి ఈ పని ఒక్కటే చేస్తాను. రోజుకు మూడు బండ్లే తీసుకుంటాను, ఒక్కో దానికి కనీసం రెండు గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ కొత్త ట్యూనింగ్ ఉండదు. బుష్ వెల్డింగ్‌కు ఒప్పుకుంటే వేస్తాను, పని అయ్యాక మూత బిగించి ఇస్తాను, పైకి కనపడదు. ఒప్పుకోకపోతే తక్కువ త్రాటిల్ గడులన్నీ కంపెనీ అంకెలకే తిప్పేస్తాను, అదీ మంచి పరిష్కారమే. డబ్బులే వెనక్కి కావాలన్నవాళ్లకు ట్యూనింగ్‌కు తీసుకున్నదంతా ఇచ్చేస్తాను, కారణం చెప్పక్కర్లేదు.

వచ్చేటప్పుడు మీరు ఎప్పుడూ కొట్టించే బంకులోనే సగం ట్యాంకు పెట్రోలు పోయించుకుని రండి. వెనక టైరులో గాలి చూసుకోండి, చైనుకు ఆయిల్ వేయండి. నేనిచ్చిన పాత గ్రాఫ్ కాగితం మర్చిపోకండి. దాని మీది తప్పు అంకె కొట్టేసి, సరైనది పక్కన రాసి, సంతకం చేసి మీకే ఇస్తాను.