మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2024-25: రెండు మోటార్లు, నలుగురు కుర్రాళ్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో డ్రైనేజీ, వీధి దీపాలు, వినాయక చవితి పందిరి ముందొస్తాయి. ఈసారి వాటిని రెండు ముక్కల్లో తేల్చేస్తాను. పూడిక రెండుసార్లు తీయించాం. కాలిపోయిన దీపాలు మార్చాం, చివరి సందులో ఒకటి ఇంకా వెలగడం లేదు. పందిరి వెయ్యలేదు, ఎందుకో మన విజయవాడ సింగ్‌నగర్ వైపు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు: సెప్టెంబరు 7 చవితి, అప్పటికి మన గుమ్మాల్లో బుడమేరు వాగు వరద నీళ్లు. పద్దుల కాగితం హాలు నోటీసు బోర్డు మీద ఉంది, చూసుకోండి.

ఇక మిగతాదంతా మోటార్ల దొంగతనం కేసులో చిక్కిన కుర్రాళ్ల సంగతే, ఎందుకంటే ఈ ఏడాది నాకు వచ్చిన ఫోన్లలో సగం దాని గురించే.

వేసవిలో బండ్లలో పెట్రోలు, కిటికీ పక్కన పెట్టిన సెల్‌ఫోన్లు పోతున్నాయని గొడవైతే జనరల్ బాడీలో అందరూ ఒకే మాట మీద కెమెరాలన్నారు, పెట్టించాం. వసూలైన చందాలో మూడొంతులు దానికే పోయింది. రికార్డింగ్ పెట్టెని హాల్లో కింద బల్ల మీద పెట్టించింది నేనే, సెప్టెంబరు 1న అది మునిగిపోయింది, ఆ తప్పు నాది. అక్టోబరులో కొత్తది కొని ఈసారి అటక మీద పెట్టాం.

ఆ నెలలోనే, ఇళ్లకి తాళాలేసి ఇంకా చుట్టాల దగ్గరే ఉంటున్న ఇద్దరు సభ్యుల నీళ్ల మోటార్లు పోయాయి. కెమెరాలో నలుగురు కుర్రాళ్లు పడ్డారు, మోటార్లని తోపుడు బండి మీద పెట్టి, గోనె కప్పి తీసుకెళ్తూ. ఆ క్లిప్పుని మనలో ఒకరు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, పది నిమిషాల్లో పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఇల్లెక్కడో కూడా వచ్చేశాయి, ఒకాయన ‘బ్లేడ్ బ్యాచ్’ (బ్లేడ్లతో బెదిరించే రౌడీ మూక) అని కూడా తగిలించారు. గ్రూపు అడ్మిన్‌ని నేను, మర్నాడు పొద్దున దాకా తీయించలేదు. అందరికీ తెలియాల్సిన విషయం ఏమిటంటే, 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లల గుర్తింపు ఏ రూపంలోనూ బయటపెట్టకూడదు, పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే వాళ్ల తప్పు తేలకముందే చట్టం ఎదుట మనమూ తప్పు చేసినవాళ్లమయ్యాం. అందుకే ఇక్కడ ఏ కుర్రాడు ఏం చేశాడో, ఎవరికి ఏమైందో విడదీసి రాయను.

ఆ రాత్రి పోలీసులు పిల్లల్ని తీసుకెళ్లారు. తొమ్మిదిన్నరకి వాళ్లలో ఒకడి తల్లి, ఇళ్లలో పని చేసి వచ్చి అప్పుడే అన్నం పొయ్యి మీద పెట్టిందిట, పొయ్యి కట్టేసి అలాగే మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. నేనూ, పోస్టాఫీసులో చేసి రిటైరైన మన కమిటీ సభ్యుడూ స్టేషనుకి వెళ్లాం. ఏ స్టేషనో వద్దు. పిల్లల్ని పెద్ద కేసుల వాళ్ల పక్కనే ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు, కాళ్లకి చెప్పులు లేవు. ఒకడు జేబులోంచి తాడు ఊడిపోయిన స్కూలు ఐడీ కార్డు తీసి వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు, వయసుకి అదొక్కటే రుజువని వాడి ఆశ. కార్డు చాలదు, స్కూలు ఇచ్చే పుట్టినతేదీ సర్టిఫికెట్ కావాలి, ఆ స్కూలు రిజిస్టర్లేమో వరదలో తడిసి ఎండలో ఆరుతున్నాయి. మొత్తానికి పిల్లల కేసులు చూసే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరండీ అని నాలుగుసార్లు అడిగాక ఒకాయన మామూలు బట్టల్లో వచ్చారు, అక్కణ్ణించి మాట తీరే మారిపోయింది.

మీకెప్పుడైనా అవసరం పడితే గుర్తుండాలని రాస్తున్నాను. పద్దెనిమిది నిండనివాణ్ణి లాకప్పులో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లోపు జువైనల్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి. ఏడేళ్లకు తక్కువ కాకుండా శిక్ష పడే ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప ఎఫ్ఐఆర్ కట్టరు, స్టేషనులో ఉండే జనరల్ డైరీలో రాసి, కుర్రాడి ఇంటి పరిస్థితి రిపోర్టుతో బోర్డుకి పంపుతారు. వకీలుకి డబ్బు అక్కర్లేదు, పిల్లలకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. మోటారు పోయిన సభ్యులు ‘ఎఫ్ఐఆర్ కూడా లేదా’ అని నా మీద కోప్పడ్డారు. న్యాయమే, రెండు నెలలు నీళ్లు మోసుకున్నది వాళ్లు. డిసెంబరు మీటింగులో ఒకాయన, ‘పుణెలో కారుతో గుద్ది ఇద్దర్ని చంపిన కుర్రాడికి వ్యాసం రాయమని చెప్పి బెయిలిచ్చి వదిలేశారు కదా, ఇక్కడా అదే’ అన్నారు. ఆ బెయిలు ఉత్తర్వు మీద దేశమంతా గోలెత్తింది, కొద్దిరోజుల్లోనే దాన్ని మార్చి కుర్రాణ్ణి అబ్జర్వేషన్ హోముకి (విచారణ సాగేటప్పుడు పిల్లల్ని ఉంచే చోటు) పంపారు. పైగా అదీ ఇదీ ఒకటి కాదు.

బోర్డు అంటే కోర్టులా ఉండదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో కనీసం ఒకరు ఆడవాళ్లు. ప్రొబేషన్ ఆఫీసరు ఇళ్లకొచ్చి, ఏం తింటున్నారు, బడి ఎప్పుడు మానేశారు, నాన్న తాగుతాడా అని అన్నీ అడిగి రాసుకుని వెళ్లారు. మందలించి పంపడం, సమాజ సేవ చేయించడం, ప్రొబేషన్ మీద, అంటే కనిపెట్టి ఉండే షరతుతో వదలడం, మరీ అవసరమైతే గరిష్ఠంగా మూడేళ్లు పిల్లల్ని ఉంచి మార్చే స్పెషల్ హోము, ఇవి బోర్డు చేతిలో ఉన్న దారులు. వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ తల్లికి ఒక రోజు కూలి పోతుంది. రెండో వాయిదాకి ఒకావిడ వెళ్లలేకపోయింది. అప్పటినుంచి ప్రతి వాయిదాకి సంఘం తరఫున ఒకరు తోడు వెళ్లాలని పెట్టుకున్నాం, చాలావరకు ఆ పోస్టాఫీసు పెద్దాయనే వెళ్లారు, ఆటో చార్జీలు కూడా తీసుకోలేదు. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నా లెక్కన ఇదే పెద్దది, దీనికి ఖర్చేమీ కాలేదు కాబట్టి పద్దుల్లో కనబడదు.

మోటారుకి ఎంతొచ్చిందిరా అని అడిగితే ఆరు వందలన్నారు. ఆరు వందలకి మోటారు కొన్న పాత ఇనుప కొట్టాయనకి అది ఎక్కడిదో తెలియదంటే నేను నమ్మను. దొంగసొత్తని తెలిసి కొనడం నేరం, పిల్లల్ని పెట్టి నేరం చేయిస్తే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద మూడేళ్లకు తక్కువ కాకుండా పదేళ్ల దాకా జైలు. ఆయన చేయించాడని నేననడం లేదు, ఆయన్నీ అడగాల్సింది అంటున్నాను. ఆయన మీద ఫిర్యాదు రాయడానికి మాత్రం మనలో ఒక్కరూ రాలేదు, మన పాత పేపర్లు వేసేది అక్కడే కదా.

హాలు సంగతి. జనవరి నుంచి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరుస్తున్నాం, ఒక క్యారమ్ బోర్డు, వాలీబాల్ నెట్టు, పదో తరగతి వాళ్లకి లెక్కలు. ‘అలాంటివాళ్లు వచ్చే చోటికి మా పిల్లల్ని ఎలా పంపుతాం’ అని ఇద్దరు ముగ్గురు అన్నారు, మానేశారు, ఫిబ్రవరిలో లెక్కల కోసం మళ్లీ వచ్చారు. ఒక బడి ఒక కుర్రాణ్ణి తిరిగి చేర్చుకోనంది. ఇలాంటి కేసు వల్ల చదువుకీ ఉద్యోగానికీ అనర్హత రాదని చట్టం చెప్పినా వాళ్లు వినలేదు, ఓపెన్ స్కూల్లో కట్టించాం.

చేతకానిది కూడా చెప్పాలి. ఖాళీ స్థలంలో గంజాయి ఆగలేదు, ఇంకా చిన్నవాళ్లు పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో పోసి పీలుస్తున్నారు, నేనే చూశాను. పిల్లలకి మత్తు ఇచ్చినవాళ్లకి ఏడేళ్ల దాకా జైలు ఉంది. గంజాయి కనబడితే మత్తుమందుల మీద నిఘా పెట్టే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972కి చెప్పండి, మత్తు అలవాటు మాన్పించడానికి 14446. హాలుకి రోజూ వచ్చే ఒకడు మార్చిలో రావడం మానేశాడు, రెండుసార్లు వెళ్తే ఇంట్లో లేడన్నారు.

వచ్చే మీటింగులో ఇంకో నాలుగు కెమెరాల ప్రతిపాదన ఉంది, మీ ఓటు మీ ఇష్టం, నాది మాత్రం హాలుకి రెండు ఫ్యాన్లకీ ఒక లెక్కల మాస్టారికీ. తాళం చెవి ప్రస్తుతం నా దగ్గరే ఉంది, మంగళ, శుక్రవారాలు నాకు కుదరడం లేదు, ఆ రెండు రోజులు తెరిచి మూసేవాళ్లెవరైనా ఉంటే ఫోన్ చెయ్యండి.

మీ కార్యదర్శి