అది బెంచీ కాదురా మామా

ఒరే మామా,

తిట్టుకో, పర్వాలేదు. నీ ఉత్తరం బల్ల మీదే ఉంది, చూసినప్పుడల్లా రేపు రాద్దాంలే అనుకోవడమే అయింది. ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, నాన్న రొయ్యల చెరువు లీజుకిచ్చేసి పొద్దంతా పేపర్ చదువుతున్నాడు, చెల్లి సంబంధం ఇంకా మాటల్లోనే నలుగుతోంది. వార్తలు అయిపోయాయి.

సిల్క్‌సాంగ్ ఆడుతున్నానురా, మన హాలో నైట్ వీడియో గేమ్‌కి రెండో భాగం!

నువ్వింకా మొదలుపెట్టలేదని మీ తమ్ముడు చెప్పాడు. నమ్మలేదు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన గేమ్, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి జనమంతా ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె పట్టుకుంటుంటే నువ్వేం మొక్కుకున్నావో నాకొక్కడికే తెలుసు. మీ అమ్మ ఇప్పటికీ బ్యాంకు ఉద్యోగం కోసమే అనుకుంటోంది పాపం. కోరిక తీరింది కాబట్టి వచ్చే మొహర్రానికి వచ్చి రొట్టె వదలాల్సిందే. అది ఏ రొట్టె అని అరుస్తావో నేను గట్టు మీద నిలబడి వింటా.

సరే, గేమ్. మొదటి దాంట్లో మన బుడ్డోడు గాల్లోకి ఎగిరి నిటారుగా కిందికి పొడిచేవాడు కదా, ముళ్ల మీద టకటకా గెంతుకుంటూ పోయేవాళ్లం. ఇందులో మనం హార్నెట్. ఈమె నిటారుగా పొడవదు, సూది పట్టుకుని ఏటవాలుగా దూకుతుంది. వేళ్లు పాత అలవాటు మీద ఉంటాయి, ఆమేమో పక్కకి పోతుంది. మొదట్లో కంట్రోలర్ విసిరేద్దామనిపించింది. తర్వాత అర్థమైంది, ఎక్కడ పడాలో కాదు, ఎక్కడి నుంచి దూకాలో చూసుకోవాలి. అది పట్టుబడ్డాక పాత బుడ్డోడు ఎడ్లబండిలా అనిపిస్తాడు, ఒట్టు. (నిటారుగా పొడిచే దారి కూడా ముందుముందు దొరుకుతుంది. ఎక్కడో చెప్పను.)

ఇప్పుడు అసలు విషయం. హంటర్స్ మార్చ్ అని ఒక చోటుంది. ఎర్ర పూల మీద ఏటవాలుగా దూకుతూ పోవాలి, కింద ముళ్లు, ఎదురుగా చీమల సైన్యం. మన ప్రాణం మొత్తం 5 మాస్కులు. ఇక్కడ చాలా దెబ్బలకి రెండేసి పోతాయి, అంటే మూడో దెబ్బకి మనం లేము. శత్రువుల్ని కొడితే చేరే పట్టుదారం నిండితే ఒకేసారి 3 మాస్కులు తిరిగొస్తాయి కానీ, అంత తీరిక ఎవడిస్తాడు? చేతిలో బోలెడు జపమాల పూసలున్నాయి. అవే ఇక్కడ డబ్బులు. చస్తే పూసలన్నీ అక్కడే పట్టుగూట్లో ఉండిపోతాయి, తెచ్చుకునేలోపు మళ్లీ చస్తే గోవిందా. అరచేతులు చెమటలు, పక్కన అమ్మ అన్నానికి పిలుస్తోంది, నేను పలకడం లేదు.

అప్పుడు కనబడిందిరా బెంచీ. ఆ గేమ్‌లో బెంచీ అంటే నీకు చెప్పాలా? కూర్చుంటే ప్రాణం నిండుతుంది, చచ్చినా అక్కడి నుంచే లేస్తాం. హమ్మయ్య అని పోయి కూర్చున్నా.

ఉచ్చు! బెంచీకే ఉచ్చు పెట్టారు! కూర్చోగానే దెబ్బ పడింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా. ఒక్క క్షణం కోపం, ఆ తర్వాత నవ్వు ఆగలేదు. మన ట్యూషన్‌లో మూడో బెంచీ గుర్తొచ్చింది. ఆ చొక్కా సంగతి నేను రాయను, ఉత్తరం మీ ఇంట్లో ఎవరైనా చదువుతారు. ఇన్నేళ్లుగా బెంచీ అంటే దేవుడి గుడి అని మనకి నేర్పించి, ఆ నమ్మకం మీదే కొట్టారు చూడు, ఈ గేమ్ చేసిన టీమ్ చెర్రీ వాళ్ల బుర్రకి దండం పెట్టాలి. ఉచ్చుని ఆపే మీట కూడా అక్కడే దాచారు. వెతుక్కో.

అసలు ఇది మొదటి గేమ్‌కి చిన్న తోకలా చేద్దామనుకున్నదట. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో గుప్పెడు మంది, చేస్తుంటే సరదాగా ఉండి పెంచుకుంటూ పోయారట. ఆడుతుంటే ఆ సరదా తెలుస్తుంది.

అన్నీ నచ్చాయని కాదు. కష్టం ఎక్కువైందని జనం గొడవ పెడితే మొదటి సవరణ ప్యాచ్‌లోనే తొలి బాసుల్లో (పెద్ద శత్రువులు) ఒకరిద్దరిని కాస్త తగ్గించారు. నన్నడిగితే బాసులతో పేచీ లేదు. చచ్చాక మళ్లీ అంత దూరం నడిచి వెళ్లడమే విసుగు. పైగా కొన్ని బెంచీల మీద కూర్చోవాలంటే పూసలు కట్టాలి! బస్టాండులో కూడా కూర్చోడానికి డబ్బులడగరు కదరా.

షెర్మా అని ఒకడున్నాడు, మూసిన తలుపు ముందు నిలబడి పాట పాడుతుంటాడు, పాడితే తెరుచుకుంటుందని వాడి నమ్మకం. అచ్చం నువ్వే, ఆ పాస్‌పోర్ట్ ఆఫీసు రోజున... సరే అది వద్దులే.

లేస్ అనే శత్రువు గురించి చెప్పనే లేదు. తెల్లగా ఉంటుంది, కొడుతూ నవ్వుతుంది, ఆ నవ్వు నిద్రలో కూడా... ఉండు, నాన్న కింద నుంచి అరుస్తున్నాడు, కావలి బస్సుకి టైమైందట, పెదనాన్న వాళ్లింటికి పోవాలి. దార్లో పోస్ట్ చేస్తా. నువ్వు హంటర్స్ మార్చ్‌కి చేరిన రోజు ఫోన్ చెయ్యి, బెంచీ మీద కూర్చునే ముందు కాదు, కూర్చున్నాక.

నీ
మూడో బెంచీ