అమ్మలూ, ఆ పికప్ సంగతి

అమ్మలూ,

ఫోను చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అంటావు, మళ్ళీ చెయ్యవు. అందుకే రాస్తున్నాను. నిదానంగా కూర్చుని చదువుకో. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలు మునుపటంత ఇబ్బంది పెట్టడం లేదు. బుజ్జిగాడు పరీక్షలు అయిపోయాయని పగలూ రాత్రీ ఒకటే నిద్ర.

మొన్న మీ మేనత్త మాటల మధ్యలో అంది, నువ్వు పికప్ బండి కొనబోతున్నావని. ఇంకో మాట కూడా అంది. అది నీ నోటితో వింటేనే నమ్ముతాను కాబట్టి ఇప్పుడు దాని జోలికి వెళ్ళను. బండి గురించి మాత్రం నాలుగు ముక్కలు చెప్తాను. మీ నాన్నా బాబాయీ బండ్లు తిప్పినన్నాళ్ళూ లెక్కల పుస్తకం నాదే కదా. ఏ బండి రోడ్డు మీద ఎన్నాళ్ళు ఉంది, షెడ్డులో ఎన్నాళ్ళు పడుంది, క్లచ్ ప్లేటు ఎప్పుడు మార్చాం, టైర్లు ఎప్పుడు వేశాం, అన్నీ అందులోనే ఉన్నాయి. స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి బండి మీద మోజు ఉంటుంది. లెక్క రాసేవాళ్ళకి దాని గుణం తెలుస్తుంది.

నమ్మకమైన బండి ఏదంటే అందరూ ముందు టయోటా హైలక్స్ పేరే చెప్తారు. 1968 నుంచి వస్తున్న బండి, ఊరికే రాలేదు ఆ పేరు. దేశదేశాల్లో తిరుగుతోంది కాబట్టి దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కు దొరుకుతాడు, సామాను దొరుకుతుంది. నా పుస్తకం చూస్తే మనల్ని ముంచింది ఎప్పుడూ విడిభాగం ఖరీదు కాదు. ఆ భాగం వచ్చేదాకా బండి నిలబడిపోయిన రోజులు. అందుకని నువ్వు ఏ బండి చూసినా, ఇంజను ఎంత హార్సుపవరో అడిగే ముందు, నువ్వుండే చోట దాన్ని బాగుచేసేవాళ్ళు ఎంత దగ్గర్లో ఉన్నారో, పంపో సెన్సారో పోతే ఎన్నాళ్ళకి తెప్పిస్తారో కనుక్కో.

అలాగని పేరు చూసి కళ్ళు మూసుకోకు. అదే టయోటా వాళ్ళ టకోమా పికప్‌కి, అమెరికాలో చాలా బండ్లకి చాసిస్, అంటే కింద బండినంతా మోసే ఇనుప చట్రం, తుప్పు పట్టి, కేసు కోర్టుకెక్కి, 2016లో కంపెనీ రాజీకి ఒప్పుకుంది. చాసిస్‌లు మార్చి ఇచ్చారు. ఇంజను రాయిలా ఉన్నా కింద ఎముక పుచ్చిపోతే ఏం లాభం? ఫోర్డ్ ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి బాడీ అల్యూమినియంతో చేస్తున్నారు, బాడీకి ఎర్ర తుప్పు రాదు, నిజమే. కానీ దాని చాసిస్ ఇప్పటికీ ఇనుముదే. సెకండ్‌హ్యాండు బండి అయితే పెయింటు చూసి మురిసిపోవద్దు. పాత బట్టలు వేసుకుని వెళ్ళు, టార్చిలైటు పట్టుకుని కిందికి దూరు. వెనక కమాన్లు (బరువు మోసే పట్టీ స్ప్రింగులు) చాసిస్‌కి బిగించిన చోట, అడ్డ కమ్మీలు అతికిన చోట చిన్న సుత్తితో తట్టు. ఖంగుమనాలి. చప్పగా డబ్ అంటే, రేకు పొరలుగా రాలితే, అక్కడితో బేరం ఆపెయ్. పైన పాత బండి, కింద మాత్రం నిగనిగలాడే కొత్త నల్లరంగు ఉంటే ఇంకా అనుమానించు. ఆ రంగు దేన్నో దాచడానికే వేసుంటారు. కిందికి దూరేటప్పుడు జాకీని నమ్ముకోకు, స్టాండు పెట్టించు. జుట్టు ముడేసుకో.

ఇంతకీ దాంట్లో నువ్వు మోసేదేమిటి? అది తెలియకుండా ఏ బండి మంచిదో ఎవరు చెప్పగలరు? చెక్క పలకలా, మొక్కలా, మిషన్లా? నాలుగడుగుల వెడల్పూ ఎనిమిదడుగుల పొడవూ ఉండే ప్లైవుడ్ షీటు వేసేపనైతే, వెనక తొట్టిలో రెండు చక్రాల గూళ్ళ మధ్య దూరం టేపుతో కొలిచి చూడు. ఎఫ్-150 లాంటి పెద్ద బండిలో షీటు ఆ సందులో పడుకుంటుంది. హైలక్స్‌లో, టకోమాలో చక్రాల గూళ్ళ మీదికి ఎక్కుతుంది, కింద ఏదో ఎత్తు పెట్టుకోవాలి. హోండా రిడ్జ్‌లైన్ పెద్ద బండి కాకపోయినా అందులో మాత్రం సరిపోతుంది. దాని తొట్టి అడుగున మూతేసుకునే డిక్కీ కూడా ఉంది, వెనక తలుపు కిందికీ తెరుచుకుంటుంది, పక్కకీ తెరుచుకుంటుంది. నలుగురైదుగురు కూర్చునే డబుల్ క్యాబ్ కొంటే తొట్టి ఆ మేరకు కురచవుతుంది, ఎంత పెద్ద కంపెనీ అయినా ఆ లెక్క మార్చలేదు. నీతోపాటు వెనక సీట్లో ఎవరూ రోజూ కూర్చోరనుకుంటే (కూర్చునేవాళ్ళు ఉంటే అది కూడా చెప్పు, నేనేమీ అనుకోను) సీట్లకి కాకుండా తొట్టికే డబ్బు పెట్టు.

ఇంకొకటి, ఎవరూ చెప్పరిది. తొట్టి అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో చూడు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్-వీల్ డ్రైవ్, పెద్ద టైర్లు అని ఎత్తు పెంచుకుంటూ పోతారు. చివరికి బరువు ఛాతీ దాకా ఎత్తితే గానీ లోపల పడదు. మేడ మెట్ల మీంచి జారినప్పటి నుంచీ నీ నడుము ఎలాంటిదో నీకు తెలుసు. చాసిస్ మీద విడిగా బాడీ బిగించిన బండ్లు మొరటు పనికి ఆగుతాయి, నిజమే. కారులాగా బాడీ అంతా ఒకటే కట్టుగా ఉండే రిడ్జ్‌లైన్, ఫోర్డ్ మావెరిక్ లాంటివి కొంచెం కిందికి ఉంటాయి, ఖాళీగా పోయేటప్పుడు ఎగిరిపడవు. మావెరిక్ తొట్టి నాలుగున్నర అడుగులే. దాదాపు ఆరు వందల ఎనభై కిలోల దాకా మోస్తుంది, హైబ్రిడ్ కూడా దొరుకుతుంది. ఊళ్ళో తిరిగే చిన్నచిన్న లోడ్లకి అంతకంటే ఏం కావాలి? రోజూ రాళ్ళూ ఇసకా మోసేవాళ్ళ సంగతి వేరు.

బాబాయి డబుల్ క్యాబ్ సంగతి నీకు గుర్తుండదు, నువ్వప్పుడు చిన్నదానివి. కొత్త బండి. మూడున్నర టన్నులు లాగుతుందని కంపెనీ పుస్తకంలో అచ్చు వేశారని చూసినవాళ్ళందరికీ చూపించేవాడు. సైటుకి జనరేటరు తీసుకెళ్ళాల్సి వచ్చింది. ట్రైలరుతో కలిపి రెండున్నర టన్నులు. మూడున్నర లాగే బండికి రెండున్నర ఒక లెక్కా అన్నాడు. క్యాబ్‌లో ఐదుగురు ఎక్కారు, వెనక తొట్టిలో రెంచీలు, కేబుల్ చుట్టలు, డీజిలు క్యాన్లు. నేను డ్రైవరు డోరు తీసినప్పుడు ఆ స్తంభం మీద అతికించిన చీటీ చూశాను. మనుషులూ సరుకూ అన్నీ కలిపి ఏడు వందల యాభై కిలోలు మించకూడదని ఉంది. బాబాయితో అన్నాను. "వదినా, అది మోసేది, ఇది లాగేది, రెండూ వేరు" అన్నాడు.

రెండూ వేరు కావమ్మా. ట్రైలరు బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు, బండి వెనక ట్రైలరు తగిలించే హుక్కు మీద కూర్చోవాలి, అంతకంటే తక్కువైతే ట్రైలరు తోక ఊపుతుంది. ఆ రోజు హుక్కు మీద దాదాపు మూడు వందల కిలోలు పడ్డాయి. ఆ బరువు బండి మోసేదాన్లోకే వస్తుంది. మనుషులు నాలుగు వందలు, సామాను రెండు వందలు, హుక్కు మూడు వందలు. మొత్తం తొమ్మిది వందలు. చీటీ మీద ఏడు వందల యాభై.

మీ నాన్న నడిపాడు. చీకటి పడేసరికి లైట్లు రోడ్డు మీద పడకుండా చెట్ల కొమ్మల మీద పడుతున్నాయట. వెనక కుంగితే ముందు లేస్తుంది కదా, స్టీరింగు చేతిలో తేలిపోయిందన్నాడు. దిగుడు రోడ్డులో బ్రేకు తొక్కేకొద్దీ పెడలు మెత్తబడి లోపలికి పోతోంది, కాలిన వాసన. ఆయన నిబ్బరం నీకు తెలుసు కదా. గేరు తగ్గించి, ఇంజనుతో పట్టి, వెడల్పైన చోట పక్కకి తీసి ఆపాడు. చల్లారేదాకా ఎవరినీ చక్రం ముట్టుకోనివ్వలేదు. మనుషుల్నీ సామానునీ వేరే బండి ఎక్కించి పంపి, మర్నాడు పగటిపూట జనరేటరు తెచ్చుకున్నారు. బండి ఇంటికొచ్చాక కింద చూశాను. కమాన్లు బల్లపరుపుగా అయిపోయాయి. పైనున్న రబ్బరు దిమ్మలకి కొట్టుకుని కొట్టుకుని, ఆ రబ్బరు ఒక పక్క నున్నగా అద్దంలా మెరుస్తోంది. ఆ తర్వాత వెనక బేరింగు పోయింది, ఆయిల్ సీలు పోయింది, టైర్లు మధ్యలోనే మార్చాం. అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి.

అందుకే ప్రకటనల్లో అంకెలు వదిలెయ్. నువ్వు కొనే ఆ ఒక్క బండి డోరు చీటీ చూడు. చీటీ మీద లోడుతో సహా ఉండదగ్గ మొత్తం బరువే ఉంటే, అందులోంచి ఖాళీ బండి బరువు తియ్యి. ఒకే మోడల్లో కూడా ఖరీదైన రకానికి సన్‌రూఫు, పెద్ద చక్రాలు, సీట్లలో మోటార్లు పెట్టేసరికి బండే బరువెక్కి, మోసేది తగ్గుతుంది. ఎక్కువ డబ్బు పోసి తక్కువ మోసే బండి కొనుక్కున్నవాళ్ళున్నారు.

డీజిలు తీసుకుంటావా? రోజూ దూరం పోయేటట్టయితే తీసుకో. ఇంటి నుంచి దగ్గర్లోనే ఆగి ఆగి తిరిగేపనైతే వద్దు. ఇప్పటి డీజిళ్ళలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి బాగా వేడెక్కి కొంతసేపు ఆగకుండా పరిగెడితేనే ఆ మసి కాలుతుంది, లేకపోతే పూడుకుపోయి ఖర్చులోకి దించుతుంది. ఫోర్-వీల్ కూడా అంతే, బురదా మంచూ లేనివాళ్ళకి అది అదనపు బరువు. తీసుకున్నా, అవసరానికి మాత్రమే కలిపే రకమైతే పొడి తారురోడ్డు మీద దాన్ని వెయ్యకు, మలుపుల్లో గేర్లు బిగుసుకుని అరుగుతాయి. ఖాళీ బండి వెనక తేలిగ్గా ఉంటుంది, వానలో మలుపు దగ్గర జారుతుంది, నిదానంగా తిప్పు. 2016లో స్వీడన్‌లో ఒక మోటారు పత్రికవాళ్ళు అడ్డం వచ్చినదాన్ని తప్పించినట్టు చటుక్కున తిప్పి చూస్తే హైలక్స్ ఒక పక్క చక్రాలు గాలిలోకి లేచాయి. అంత పేరున్న బండే అలా చేసింది. ఇవి కార్లలా తిప్పే బండ్లు కావు. రాత్రిళ్ళు నువ్వు నడపడం నాకిష్టం లేదు, కళ్ళజోడు పవరు చూపించుకుని ఎంతకాలమైంది?

డబ్బు సంగతికొస్తే, ఒకే బండి రెండు పేర్లతో దొరుకుతుంది. ఇప్పటి ఫోర్డ్ రేంజరూ ఫోక్స్‌వ్యాగన్ అమరోక్ కొత్తదీ ఒకే పునాది మీద కట్టినవి. 2020 నుంచి వచ్చిన మాజ్డా బీటీ-50 కింద ఉన్నది ఇసుజు డీ-మాక్స్. రెండు షోరూముల్లోనూ అడుగు, గ్యారంటీ ఎవరు ఎక్కువిస్తారో చూడు. టయోటా అమ్మేటప్పుడు మంచి ధర వస్తుంది, కాబట్టి పాతది కొనేటప్పుడు కూడా ఎక్కువే పెట్టాలి. పేరు తక్కువున్న బండి సర్వీసు కాయితాలన్నీ ఉండి, ఒక్క చేతి మీదే నడిచి ఉంటే, కొన్నిసార్లు అదే లాభం. నేనైతే కాయితాలున్న బండినే కొంటాను.

కిస్తీల మీద కొంటున్నావా? నెలనెలా జీతం వచ్చేవాళ్ళకి కిస్తీ ఒక రకం. రానివాళ్ళకి ఇంకో రకం. మన ఇంట్లో రెండూ చూశాం. బండి పని దొరికినా దొరకకపోయినా ఆ తారీఖు వచ్చి కూర్చుంటుంది. అడగనన్నాను గానీ ఇక్కడికొచ్చాక అడగక తప్పడం లేదు. ఉద్యోగం మానేస్తున్నావా అమ్మలూ? మానేశావా? మీ మేనత్త మానేశావనే అంది. మీ నాన్న విని ఏమీ అనలేదు, కానీ ఆ సాయంత్రం నా లెక్కల పుస్తకం అడిగి తీసుకుని చాలాసేపు తిరగేశాడు. నువ్వు సొంతంగా ఏదైనా మొదలుపెడితే అడ్డం చెప్పేవాళ్ళం కాదు. ఇంట్లో అందరం బండి మీద బతికినవాళ్ళమే. ఎవరితో కలిసి చేస్తున్నావు, బండి ఎవరి పేరు మీద ఉంటుంది, కిస్తీకి సంతకం ఎవరిది, ఈ మూడూ చెప్పు. చేతిలో ఆరు కిస్తీల డబ్బు విడిగా పెట్టుకున్నాకే సంతకం చెయ్యి. తక్కువైతే మమ్మల్ని అడుగు, మీ మేనత్తని అడక్కు.

ఆదివారం ఫోను చెయ్యి. ముందు నాన్నతో మాట్లాడు. డోరు చీటీ ఫోటో తీసి పంపితే లెక్క నేను వేసి పెడతాను.

అమ్మ

తా.క.: స్టెప్నీ టైరు మామూలుగా తొట్టి కింద గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. కొన్న రోజే ఒకసారి దించి చూడు. చాలా బండ్లలో ఆ గొలుసు తుప్పు పట్టి, టైరు పంక్చరైన రోజున దిగనంటుంది. దించాక గాలి చూసి, గొలుసుకి గ్రీజు రాయించి మళ్ళీ ఎక్కించు. జాకీ, పానా సీటు వెనక ఉన్నాయో లేదో కూడా చూసుకో.