వీపు మీద రాసిన మాట

నెల్లూరు,
ఆదివారం

చిన్నీ,

బట్టల్లేకుండా సైకిళ్ళు తొక్కే ఆ సవారీని నడిపించేవాళ్ళలో చేరనా అని నువ్వు ఫోనులో అడిగినప్పుడు మీ పెద్దత్త పక్కనే కూర్చుని ఉంది. అందుకే "సరే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను. నీకది కోపంలా వినబడి ఉంటుంది. కోపం కాదు. అటొక ముక్క, ఇటొక ముక్క మాట్లాడి వదిలేసే విషయం కాదనిపించి, మీ నాన్న పడుకున్నాక కాగితాలు తీశాను.

"నీకిష్టం లేకపోతే మానేస్తానమ్మా" అన్నావు. మానొద్దు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా రాసుకోవచ్చు.

2023 ఆగస్టులో నేను అమెరికాలో నీ దగ్గర పోర్ట్‌లాండ్‌లో ఉన్నప్పుడు "సాయంత్రం సైకిల్ సవారీ ఉంది, నీళ్ళ బల్ల దగ్గర సాయం చేద్దువుగాని రా" అని తీసుకెళ్ళావు. పార్కులోకి అడుగు పెట్టేదాకా అసలు సంగతి చెప్పలేదు. మొదట కనబడిన మనిషికి అరవై ఏళ్ళుంటాయి. ఒంటి మీద నూలుపోగు లేదు. కాళ్ళకు మాత్రం బూట్లు. వంగి సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు. నీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను, గుర్తుందా? "వెళ్ళిపోదామంటే వెళ్ళిపోదాం" అన్నావు నువ్వు. ఆ మాటకే ఆగాను. ముందే చెప్పి ఉంటే రానే వచ్చేదాన్ని కాదు, అది నిజమే. అయినా చెప్పకుండా తీసుకెళ్ళడం తప్పే. ఇప్పుడు సవారీ నడిపించేవాళ్ళలో నువ్వూ ఒకదానివి అవుతున్నావు గనక ఇది మొదట రాస్తున్నాను. అక్కడికి వచ్చే ప్రతి మనిషికీ తను ఎక్కడికి వస్తున్నదీ ముందుగా తెలియాలి. దారిన పోయే కుటుంబాలకు కూడా.

మొదటి పావుగంట నేల చూపులు చూస్తూ గ్లాసుల్లో నీళ్ళు పోశాను. చేతులు మాత్రమే కనబడేవి. గ్లాసు తీసుకుని "థ్యాంక్యూ" అనే చేతులు. మెల్లగా కళ్ళు పైకొచ్చాయి. నేను భయపడ్డదేదీ అక్కడ లేదు. మోకాలి ఆపరేషన్ గాట్లు, కాన్పు కోత గీతలు, జారిన పొట్టలు, బొమికలు తేలిన భుజాలు. మన ఇళ్ళల్లో చావుబతుకుల మధ్య ఉన్నవాళ్ళకు ఒళ్ళు తుడిచేటప్పుడు మాత్రమే చూసే ఒళ్ళు అవి. ఆసుపత్రి మంచం మీద చూసినప్పుడు జాలి పుడుతుంది. అక్కడ వాళ్ళు నవ్వుతూ చైనుకు నూనె వేసుకుంటున్నారు, జాలి పడటానికి ఏమీ లేదు. నేను నేత చీరలో ఉన్నాను. ఎవరూ వింతగా చూడలేదు, ఎవరూ "మీరూ విప్పండి" అనలేదు. సగం మంది ఏదో ఒకటి కట్టుకునే ఉన్నారు. ఎంత ధైర్యముంటే అంత అన్నది ఆ సవారీ సూత్రమని చెప్పావు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. గుంపులో ఉన్నప్పుడు ధైర్యం ఒక్కోసారి బలవంతమవుతుంది. కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు పక్కవాళ్ళను చూసి విప్పి, తెల్లారాక బాధపడకూడదు. కట్టుకున్నవాళ్ళకూ విప్పినవాళ్ళకూ ఒకే మర్యాద జరిగేలా చూడటం నీలాంటివాళ్ళ పని.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నువ్వు చెప్పిన చరిత్ర డైరీలో రాసుకున్నాను, పాత అలవాటు. 2001లో స్పెయిన్‌లోని సరగోసాలో కొందరు సైకిలు వాళ్ళు ఇలాగే బట్టల్లేకుండా వీధుల్లోకి వచ్చారు. కెనడాలో వాంకూవర్ మనిషి కాన్రాడ్ ష్మిట్ పూనుకుంటే 2004 జూన్ 12న పది దేశాల్లో ఇరవై ఎనిమిది ఊళ్ళల్లో ఒకేసారి జరిగింది. అప్పటినుంచే దానికి వరల్డ్ నేకెడ్ బైక్ రైడ్ అని పేరు. పోర్ట్‌లాండ్ మొదటి ఏటినుంచీ ఉంది, ఒక దశలో పదివేల మంది దాకా వచ్చారు. పెట్రోలు మీద ఆధారపడి బతకడం తగ్గాలని, రోడ్డు మీద సైకిలు మనిషికి అడ్డుగా తన చర్మం తప్ప ఇంకేమీ లేదని చూపించడానికి ఆ వేషం. వేషం అంటున్నానే, వేషం లేకపోవడం. చట్టం సంగతి కూడా అడిగాను. 2008లో బట్టల్లేకుండా సైకిలు తొక్కిన ఒకాయన మీద కేసు పెడితే, ఆ ఊళ్ళో ఇది నిరసనగా స్థిరపడిన ఆనవాయితీ అని చెప్పి అక్కడి జడ్జి కొట్టేశాడని చెప్పావు. ఈ పని మన ట్రంకు రోడ్డు మీద జరగదు, జరగాలని నేను అనను కూడా. ఒక ఊరికి ఒప్పినది ఇంకో ఊరికి ఒప్పదు. నువ్వున్న ఊరు దాన్ని ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలు ఇరవై ఏళ్ళ మర్యాద మీద నిలబడి ఉంది. దాన్ని మీరు చెడగొట్టకుండా ఉంటే చాలు.

ఇక నీకు తెలియని సంగతి.

నువ్వు సైకిళ్ళు వరసలో పెట్టించడానికి అటు వెళ్ళినప్పుడు, నెరిసిన జుట్టావిడ ఒకామె బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో బ్రష్షు, నీలం రంగు డబ్బా. నన్ను చూసి "మీరు టీచరా?" అంది. ఎలా కనిపెట్టిందో తెలియదు. కాగితం మీద రాసుకొచ్చిన ఇంగ్లీషు వాక్యం చూపించి, వీపు మీద రాయమని అటు తిరిగింది. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి నాది, కానీ మనిషి మీద ఎన్నడూ రాయలేదు. బ్రష్షు తగలగానే చలికి ఆవిడ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కుడి రెక్క కింద చిన్న పుట్టుమచ్చ ఉంది, దాన్ని తప్పించి అక్షరాలు పేర్చాను. వెన్నెముక గాడిలో రంగు కిందికి కారితే చీర కొంగుతో తుడిచాను. ఆ మరక ఇంకా పోలేదు. వాక్యం పూర్తయ్యాక గానీ నేను రాసినదేమిటో నా బుర్రకెక్కలేదు. "ఇప్పుడు నేను కనబడుతున్నానా?" అని.

నా చెయ్యి ఆగిపోయింది.

మా బళ్ళో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం వారి బడికొస్తా పథకం సైకిళ్ళు వచ్చిన ఏడు నీకు గుర్తుండే ఉంటుంది, ఫొటోలు పంపాను. సగం మందికి తొక్కడం రాదు. సాయంత్రాలు ఆటస్థలంలో సీటు వెనక పట్టుకుని నేనే పరిగెత్తి నేర్పాను. ఒక పిల్లది హైవే అవతల పల్లె. బాగా తొక్కేది, అందరికంటే ముందు నేర్చుకుంది. మూడు నెలలు తిరక్కుండానే సర్వీసు రోడ్డు మలుపులో లారీ వెనక చక్రం ఆమె కాలి మీంచి పోయింది. కాలు విరిగిందని మాత్రం నీకు చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఆసుపత్రి వరండాలో ఆ డ్రైవరు గోడకానుకుని ఏడుస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. "కనబడలేదు మేడం, ఒట్టు, కనబడలేదు" అని అదే మాట పదిసార్లు అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు ఆ పిల్ల తండ్రిని అడిగారు, "ఆడపిల్లకు హైవే మీద సైకిలెందుకయ్యా" అని. లారీ ఆ మలుపులో అంత జోరుగా ఎందుకు వచ్చిందని ఒక్కరూ అడగలేదు. పిల్ల బతికింది, నడుస్తుంది, కాస్త కుంటుతుంది. బడికి మాత్రం మళ్ళీ రాలేదు. ఆ మరుసటేడే పెళ్ళి చేసేశారు. ఆ సైకిలు ఇచ్చిన రిజిస్టరులో సంతకం నాది.

పట్టపగలు, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, యూనిఫారం వేసుకుని, గంట కొట్టుకుంటూ పోయే పిల్ల ఒక మనిషికి కనబడలేదు. కనబడాలంటే ఇంకేం చెయ్యాలి? ఈ ప్రశ్న నాలో ఇన్నేళ్ళూ తిరుగుతూనే ఉంది. ఆవిడ వీపు మీద నా చేతిరాతలోనే అది కనబడింది.

ఆవిడ తల తిప్పి "ఏమైంది?" అంది. చెప్పాను. నా ఇంగ్లీషులో ఆవిడకు ఎంత అందిందో గానీ, పూర్తిగా విన్నది. విని, "కింద మీ భాషలో కూడా రాయండి" అంది. రాశాను. "కనబడుతున్నానా?" అని, పెద్ద అక్షరాలతో, దీర్ఘాలు ఆవిడ నడుముదాకా వచ్చేలా. తొమ్మిది దాటాక సవారీ కదిలింది. గంటలు, పాటలు, వేల చక్రాల సవ్వడి. నేను గట్టు మీద నిలబడి ఆ తెలుగు మాట కోసం వెతికాను. నాలుగైదు నిమిషాలకు ఆవిడ నా ముందునుంచే పోయింది, చెయ్యి ఊపింది. ఆ పిల్ల పోతున్నట్టే అనిపించింది నాకు. ఏడ్చాను. నువ్వు దుమ్ము పడిందనుకున్నావు.

ఇదంతా నీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

ఇక ఫొటోల మాట, నాకు నిద్ర పట్టనిది అదొక్కటే. రోడ్డు మీద క్షణంసేపు కనబడటం వేరు, ఫోనులో చిక్కుకుని జీవితాంతం తిరగడం వేరు. అడగనిదే తీయొద్దని మీరు బోర్డులు పెడతారు, కేకలేస్తారు. కానీ నడివీధిలో తీసేవాణ్ణి ఆపే చట్టం అక్కడ లేదని నువ్వే చెప్పావు. ఏదో ఒకరోజు నీ ఫొటో మన చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి రావచ్చు. బరితెగించిందంటారు, పెంపకం అంటారు. నేను పదహారేళ్ళప్పుడు పరికిణీ చెక్కి సైకిలు తొక్కుతుంటే కూడా సరిగ్గా ఆ రెండు మాటలే అన్నారు. వస్తే నేను జవాబు చెబుతాను, ఆ భారం నీ మీద పెట్టుకోకు. కానీ ముఖానికి రంగు పూసుకోవడమో ముసుగు వేసుకోవడమో చెయ్యి. ఇది సిగ్గు కోసం చెప్పడంలేదు. నిన్ను ఎవరు చూడాలో నువ్వు ఎంచుకోవాలి గనక చెబుతున్నాను. నీతో వచ్చే మన పిల్లలకు, ముఖ్యంగా వీసాల మీద, ఉద్యోగాల మీద ఉన్నవాళ్ళకు, ఇది ముందే కూర్చోబెట్టి చెప్పు.

దారి గురించి. మ్యాక్స్ రైలు పట్టాలున్న వీధులు వీలైతే తప్పించండి. తప్పదనుకుంటే, పట్టాలను నేరుగా అడ్డంగా దాటమని ముందు రోజే అందరికీ చెప్పండి. పక్కవాటుగా పోతే చక్రం సందులో పడుతుంది. ఆ రాత్రి అలా పడ్డ కుర్రాడి తొడ మీద నీళ్ళు పోసింది నేనే. మోచేతినుంచి మోకాలిదాకా తోలు లేచిపోయింది, బట్ట ఉంటే సగం తగ్గేది. దూది, గాజుగుడ్డ రెట్టింపు పెట్టుకోండి. సీటు మీద తుండుగుడ్డ, కాళ్ళకు బూట్లు, తలకు హెల్మెట్ లేనివాళ్ళను కదలనివ్వకు. విప్పిన బట్టలు పార్కులో వదిలేయకుండా సంచిలో వెంట తీసుకుపొమ్మను, ఆగస్టు అయినా రాత్రి చలి ఉంటుంది.

కూడళ్ళలో కార్లకు అడ్డంగా నిలబడే పనిని కార్కింగ్ అంటారన్నావు, సీసాకు బిరడా పెట్టినట్టు. ఆ పని చేసేటప్పుడు మాత్రం నువ్వు బట్టలతోనే ఉండు, మెరిసే జాకెట్టు వేసుకో. కారులో చిక్కుకున్న మనిషితో నవ్వుతూ మాట్లాడు. ఆసుపత్రికి పోయేవాడుంటే సవారీ ఆపైనా దారివ్వు. అతనికి మీరు కనబడాలంటే మీకూ అతను కనబడాలి కదా. 2024లో సవారీ జరగలేదని బాధపడ్డావు. ఇలాంటివి నిలబెట్టడానికి పనిచేసే చేతులు ఎంత అవసరమో అప్పుడే తెలిసింది నాకు. పేరు రాని పనులు నువ్వు తీసుకో, నీళ్ళు, కట్లు, చివర చెత్త ఏరడం.

మీ ఒరెగాన్ రాష్ట్రంలో 1971లోనే చట్టం చేసి రోడ్ల డబ్బులో నూటికి ఒక వంతైనా నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ ఖర్చుపెట్టమన్నారని చెప్పావే, ఆ చట్టం వివరాలు తెలుగులో రాసి పంపు. కార్లను రానివ్వని ఆ తిలికమ్ వంతెన ఫొటో కూడా. మా బడి ముందు సర్వీసు రోడ్డుకు స్పీడు బ్రేకర్లు వేయమని ఇచ్చిన అర్జీ మూడోసారి తిరిగొచ్చింది. నాలుగోసారి వాటిని జతచేసి ఇస్తాను.

మీ నాన్నకు నిన్న రాత్రి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. పేపరు మడిచి, "రాత్రిపూట అంటున్నావు, దాని సైకిలుకు వెనక లైటు ఉందా?" అన్నాడు. ఉందో లేదో ఆయనకే ఫోను చేసి చెప్పు.

ఆ నెరిసిన జుట్టావిడ మళ్ళీ వస్తే నా పేరు చెప్పి పలకరించు. వీపు మీద నువ్వు రాయి, దీర్ఘాలు సరిగ్గా పెట్టు. నీలం రంగు మాత్రం వద్దు, వీధి దీపాల కింద నల్లగా కలిసిపోయింది. తెలుపు కొను.

అమ్మ